బిళ్ల గన్నేరును పెంచండి... నమలకండి!

కిందటి వేసవిలో ఒక రిటైర్డ్ టీచర్‌ను వీల్‌చైర్‌లో మా వార్డుకు తీసుకొచ్చారు. వయసు అరవై ఆరు. పదిహేనేళ్లుగా షుగర్. కుడికాలి బొటనవేలు నల్లబడింది. పాదం వాచిపోయి చీము కారుతోంది. మనిషి మగతగా ఉన్నారు, ఊపిరి వేగంగా, లోతుగా తీస్తున్నారు. వేలికొన నుంచి రక్తం తీసి చూస్తే చక్కెర 512. మూత్రంలో కీటోన్లు. ఇన్సులిన్ సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగితే ఆయన భార్య తల దించుకున్నారు.

“రెండు నెల్లనుంచి మానేసినారు మేడమ్. పొద్దున్నే పరగడుపున బిళ్ల గన్నేరు ఆకులు ఐదు నమల్తా ఉండారు. షుగర్ దిగిపోతుందని వాకింగ్‌లో ఎవరో చెప్పినారంట.”

బిళ్ల గన్నేరు! ఆ మాట విన్నప్పుడు నాకు కోపం కంటే ముందు మా ఇంటి గేటు గుర్తొచ్చింది. గేటుకు రెండువైపులా కలిపి నావి పదకొండు కుండీలు, అన్నీ అవే. మాది రాయలసీమ. ఏడాదంతా కలిపినా సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం ప్రాంతంలో పుట్టి పెరిగినదాన్ని. మా అమ్మ గులాబీ కోసం ఎన్ని తంటాలు పడిందో, ఏప్రిల్ వచ్చేసరికి అది ఎలా మాడిపోయేదో చూశాను. గోడ పక్కన ఎవరూ నీళ్లు పోయని చోట బిళ్ల గన్నేరు మాత్రం నవ్వుతూ ఉండేది. అందుకే ఆ మొక్కంటే నాకు ఇష్టం. దాని ఆకు నమిలి మా వార్డుకు వచ్చేవాళ్లను చూస్తే మాత్రం భయం. ఈ వారం ఆ రెండింటి గురించీ మీతో మాట్లాడాలి.

ఎక్కడి మొక్క ఇది?

మన పెరట్లో, గుడి దగ్గర, పాత గోడ పగుళ్లలో ఎక్కడ చూసినా కనిపిస్తుంది కాబట్టి మన మొక్కే అనుకుంటాం. దీని సొంత ఊరు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి. అక్కడి నుంచి ఓడలెక్కి ప్రపంచంలోని వేడి దేశాలన్నిటికీ చేరింది. హిందీవాళ్లు సదాబహార్ అంటారు, అంటే ఎప్పుడూ పచ్చగా కళకళలాడేది అని. తమిళంలో నిత్యకల్యాణి అనే చక్కటి పేరుంది, సుడుకాట్టు మల్లి, అంటే శ్మశానం మల్లె అనే పేరూ ఉంది. ఎవరూ పట్టించుకోని సమాధుల మధ్య కూడా పూస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చి ఉంటుంది. నర్సరీల్లో అడిగేటప్పుడు ‘వింకా’ అనండి, వాళ్లకు వెంటనే తెలుస్తుంది. శాస్త్రీయ నామం కాథరాంథస్ రోజియస్.

ఇది ఒక్క సీజన్‌లో పూసి పోయే మొక్క కాదు. రెండు మూడేళ్లు నిక్షేపంగా ఉంటుంది. తర్వాత కాండం కట్టెలా గట్టిపడి, కింద ఆకులు రాలి, పైన నాలుగు పూలు మాత్రం మిగులుతాయి. అప్పటికి దాని చుట్టూ దాని పిల్లలు పది మొలిచి ఉంటాయి కాబట్టి మీకు లోటు తెలియదు.

నీళ్లు తక్కువ, దోమలు తక్కువ

హెల్త్ పేజీలో మొక్కల పెంపకం ఏమిటి డాక్టరమ్మా అని మీరు అడగొచ్చు. చెబుతాను. వానాకాలం రాగానే మా వార్డులు డెంగీ జ్వరాలతో నిండిపోతాయి. డెంగీని మోసే ఏడిస్ దోమకు మురికి కాలువ అక్కర్లేదు. మన ఇంట్లోని శుభ్రమైన నిలవ నీళ్లే దానికి ఇష్టం. కూలర్ అడుగున, ఫ్రిజ్ వెనక ట్రేలో, మనీప్లాంట్ సీసాలో, ముఖ్యంగా పూలకుండీ కింద పెట్టే ప్లేటులో. గుడ్డు నుంచి దోమ కావడానికి దానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికి ఒకసారి, శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య సిబ్బంది మొత్తుకునేది. ఇంకో సంగతి, ఏడిస్ గుడ్లు నీటి అంచున పాత్ర గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు ఒంపేసినా నెలల తరబడి ఎండిన స్థితిలో బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. కాబట్టి ప్లేటును ఒంపితే సరిపోదు, పీచుతో రుద్ది కడగాలి.

బిళ్ల గన్నేరుకు అసలు ప్లేటే వద్దు. కుండీని రెండు ఇటుకల మీద పెట్టండి, అడుగు చిల్లి నుంచి నీళ్లు కారిపోనివ్వండి. ఈ మొక్కకు ఎండ కంటే, కరవు కంటే పెద్ద శత్రువు వేళ్ల దగ్గర నిలిచే నీళ్లే. అంటే మొక్కకు ఏది మంచిదో మీ ఇంట్లోవాళ్లకూ అదే మంచిది. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంట్లలో, బియ్యం కడిగిన నీళ్లు కూడా దాచుకునే ఇళ్లలో ఇంతకంటే సర్దుకుపోయే పూలమొక్కను నేను చూడలేదు.

పెంచే పద్ధతి

ఎండ కావాలి. రోజుకు కనీసం ఐదారు గంటలు. నీడలో పెడితే మొక్క సన్నగా సాగి, ఆకులే తప్ప పూలు రావు. నేరుగా ఎండ పడే మేడ, పడమటి బాల్కనీ, గేటు పక్క మెట్లు దీనికి బంగారం లాంటి చోట్లు.

మట్టి విషయంలో ఎక్కువ ఖర్చు పెట్టకండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా కంపోస్టు ఒక పాలు. నల్లరేగడి ఒక్కటే అయితే నీళ్లు పట్టి ఉంచుతుంది, ఇసుక పాలు పెంచండి. ఎనిమిది నుంచి పది అంగుళాల కుండీ ఒక మొక్కకు చాలు. ఎరువు ఎక్కువైతే ఆకులు గుబురుగా వచ్చి పూలు తగ్గుతాయి. రెండు నెలలకు ఒకసారి గుప్పెడు కంపోస్టు వేస్తే చాలన్నది నా అనుభవం.

నర్సరీ నుంచి తెచ్చిన హైబ్రిడ్ వింకా పది రోజుల్లో చచ్చిపోయిందని చాలామంది నాతో అంటారు. పెద్ద పూలు, రకరకాల రంగులు, మధ్యలో ఎర్ర చుక్క... చూడ్డానికి భలే ఉంటాయి. వాటిని కొబ్బరి పొట్టులో పెంచుతారు. మనం ఇంటికి తెచ్చి, ఆ పొట్టు ముద్దను అలాగే కుండీలోకి దించి, రోజూ పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తాం. పొట్టు స్పాంజిలా నీళ్లు పట్టేస్తుంది. లోపల వేళ్లు కుళ్లుతాయి. పైన ఆకులు వాడతాయి. వాడింది కదా అని ఇంకా నీళ్లు పోస్తాం! తెచ్చిన రోజే వేళ్ల చుట్టూ ఉన్న పొట్టును మెల్లగా, వేళ్లు తెగకుండా వీలైనంత విదిలించి, మన మట్టిలో నాటండి. నాలుగైదు రోజులు నీడపట్టున ఉంచి, ఆ తర్వాత ఎండలోకి మార్చండి.

నీళ్లు ఎప్పుడు పోయాలో తెలియడానికి మీ చూపుడు వేలే సాధనం. మట్టిలోకి అంగుళం లోతు దించండి. తడి తగిలితే ఆ రోజుకు నీళ్లు వద్దు. కుండీలో ఉన్నదానికి నడివేసవిలో రోజు విడిచి రోజు పోస్తే సాధారణంగా సరిపోతుంది. నేలలో నాటి, వేళ్లు పట్టాక వారానికి ఒకసారి పోసినా నిలబడుతుంది. మిట్ట మధ్యాహ్నం ఆకులు కాస్త వాలి, అంచులు ముడుచుకుంటే కంగారు పడకండి. సాయంత్రానికి లేచి నిలబడితే అది మొక్క తనను తాను కాపాడుకోవడమే. మట్టి తడిగా ఉండి కూడా సాయంత్రానికి లేవలేదంటే, కాండం మొదట్లో నల్లగా మెత్తబడిందంటే అది కుళ్లు. దానికి మందుల కోసం తిరగకండి. పీకేయండి. ఆ మట్టిలో మళ్లీ బిళ్ల గన్నేరు నాటకండి.

విత్తనంతో పెంచడం ఇంకా సులువు. పూరేకులు రాలాక ఆవకాయల్లా సన్నటి కాయలు జంటలుగా వస్తాయి. పచ్చరంగు పోయి గోధుమ రంగుకు తిరుగుతుండగా కోసుకోవాలి, ఆలస్యం చేస్తే పగిలి చిన్న నల్లటి గింజలు రాలిపోతాయి. ఈ గింజకు మొలకెత్తడానికి చీకటి కావాలి. పైన చల్లి వదిలేస్తే సరిగ్గా రావు, అర సెంటీమీటరు మట్టి కప్పండి. ఒకటి రెండు వారాల్లో మొలకలు వస్తాయి. మొక్క జానెడు ఎత్తు రాగానే కొస తుంచండి. పక్క కొమ్మలు వస్తాయి, ఎన్ని కొమ్మలైతే అన్ని పూలు. తొలకరికి ముందు సగానికి కత్తిరిస్తే మళ్లీ చిగురుస్తుంది. వాడిన పూలు గిల్లే పని కూడా లేదు, వాటంతటవే రాలిపోతాయి.

తెగుళ్లు తక్కువ. రెండు సంగతులు మాత్రం చెప్పాలి. పువ్వు రావాల్సిన చోట పచ్చటి చిన్న చిన్న ఆకుల గుత్తి వస్తే మురిసిపోకండి, అది నువ్వు చేలలో రైతులు చూసే వెర్రి తెగులు లాంటిదే. పురుగులు ఒక మొక్క నుంచి ఇంకోదానికి అంటిస్తాయి. పీకేయడమే మార్గం. ఇక ఒకనాటి పొద్దున సగం ఆకులు మాయమై, కొమ్మకు వేలెడంత ఆకుపచ్చ గొంగళిపురుగు, తలదగ్గర రెండు నీలి కళ్లలాంటి మచ్చలతో కనిపిస్తే పిల్లల్ని పిలిచి చూపించండి. అవి కళ్లు కావు, శత్రువును బెదిరించే వేషం. గన్నేరు జాతి మొక్కల మీదే బతికే ఒక అందమైన చిమ్మటకు అది పిల్ల. ఒక్కటీ రెండూ అయితే నేను వదిలేస్తాను. మేకలు, గొర్రెలు మాత్రం ఈ మొక్క జోలికి రావు. పల్లెల్లో గేటు బయట కూడా ఇది బతికి బట్టకట్టడానికి కారణం అదే. మేక వద్దనుకున్న ఆకును మనం ఏరికోరి నమలడం ఏమిటని నేను ఓపీలో అప్పుడప్పుడూ అంటుంటాను.

షుగర్ కోసం వెతికితే...

ఈ ఆకుకు షుగర్‌తో ఉన్న సంబంధం పూర్తిగా కట్టుకథ కాదు. అందుకే ఇది తెలుసుకోవాలి.

1921 వేసవిలో కెనడాలోని టొరంటోలో బాంటింగ్ అనే డాక్టర్ ఇన్సులిన్ కోసం ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆయనకు సాయంగా ముందు ఎవరు వెళ్లాలని చార్లెస్ బెస్ట్, క్లార్క్ నోబుల్ అనే ఇద్దరు విద్యార్థులు నాణెం ఎగరేసి తేల్చుకున్నారని చెబుతారు. బెస్ట్ గెలిచాడు. ఇన్సులిన్ కథలో అతని పేరు నిలిచిపోయింది. ఓడిన నోబుల్ డాక్టరుగా స్థిరపడ్డాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1952లో, జమైకాలో ఉన్న తన పేషెంట్ ఒకరు ఆయనకు పోస్టులో పాతిక ఆకులు పంపారు. అక్కడి జనం షుగరుకు ఈ ఆకుల కషాయం తాగుతారు, చూడండి అని. అవి బిళ్ల గన్నేరు ఆకులు.

క్లార్క్ నోబుల్ వాటిని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తమ్ముడు రాబర్ట్‌కు ఇచ్చాడు. రాబర్ట్ నోబుల్ ఆ ఆకుల సారాన్ని ఎలుకలకు తాగించి చూశాడు. చక్కెర మీద చెప్పుకోదగ్గ ప్రభావమేమీ లేదు. నోటి ద్వారా కాదు, సూదితో ఎక్కిద్దాం అనుకున్నారు. అప్పుడు ఎలుకలు చచ్చిపోవడం మొదలుపెట్టాయి. షుగర్ పడిపోయి కాదు, ఇన్ఫెక్షన్లతో. ఎందుకా అని రక్తం పరీక్షిస్తే తెల్లకణాలు దారుణంగా తగ్గిపోయి ఉన్నాయి. ఎముకల మూలుగ దెబ్బతింది.

ఇంకొకరైతే విషం అని పక్కన పడేసేవారు. తెల్లకణాలను ఇంతగా తగ్గించేది, తెల్లకణాలు విచ్చలవిడిగా పెరిగిపోయే రక్త కేన్సర్‌కు పనికిరాదా అని వాళ్లు ఆలోచించారు. చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి ఆ పదార్థాన్ని వేరుచేసి 1958లో ప్రకటించారు. అది విన్‌బ్లాస్టిన్. అదే సమయంలో అమెరికాలోని ఎలై లిల్లీ కంపెనీ పరిశోధకులు వేరే దారిలో ఇదే మొక్క దగ్గరికి వచ్చి, విన్‌క్రిస్టిన్ అనే రెండో మందును వెలికితీశారు. 1963లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది.

ఆ రోజుల్లో పిల్లల్లో వచ్చే లుకేమియా అంటే నెలల లెక్కే. ఇవాళ మంచి వైద్యం చివరిదాకా అందే చోట ప్రతి పదిమంది పిల్లల్లో ఎనిమిది, తొమ్మిది మంది బతుకుతున్నారు. అందులో ఎన్నో మందుల పాత్ర ఉంది, విన్‌క్రిస్టిన్ వాటిలో ఒక మూలస్తంభం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. నేను పీజీ చదివే రోజుల్లో పిల్లల వార్డులో ఈ ఇంజెక్షన్ సిద్ధం చేస్తున్న సిస్టర్ పక్కన నిలబడి, కిటికీ బయట మొక్కను చూపించి “దీన్నుంచే” అంటే ఆమె నమ్మలేదు. ఒక గ్రాము మందు తీయడానికి వందల కిలోల ఎండుటాకులు కావాలి మరి. తమిళనాడు మెట్టభూముల్లో దీన్ని పంటగానే వేస్తారు. ఆకు కేన్సర్ మందులకు వెళితే, వేరులోని అజ్మలిసిన్ అనే పదార్థం రక్తప్రసరణకు సంబంధించిన మందులకు వెళుతుంది.

మరి నమిలితే ఏమవుతుంది?

ఒక ఆకు నమిలినంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు లెండి, ఇప్పటికే నమిలినవాళ్లు బెంబేలెత్తకండి. సమస్య రోజూ, నెలల తరబడి, మోతాదు తెలియకుండా తీసుకోవడంతో. ఈ ఆకులో వందకు పైగా ఆల్కలాయిడ్లు ఉన్నాయి. మీ పెరటి మొక్కలో ఎంత, పక్కింటి మొక్కలో ఎంత, లేత ఆకులో ఎంత, ముదురులో ఎంత అన్నది ఎవరికీ తెలియదు. ఎలుకల్లో, కుందేళ్లలో ఆకు రసం చక్కెరను తగ్గించిందని చెప్పే ప్రయోగాలు తర్వాతి కాలంలో చాలానే వచ్చాయి. కాదనను. అయితే మనుషుల్లో మందుగా రాసివ్వగలిగేంత రుజువు లేదు. కేన్సర్ రోగికి విన్‌క్రిస్టిన్ ఇచ్చేటప్పుడు శరీర కొలతను బట్టి మిల్లీగ్రాముల లెక్కన, నరంలోకే, రక్తపరీక్షలు చూసుకుంటూ ఇస్తారు. అంత జాగ్రత్తగా ఇచ్చినా కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కుతాయి, తీవ్రమైన మలబద్ధకం వస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. పదిహేనేళ్ల షుగర్‌తో అప్పటికే పాదాల నరాలు మొద్దుబారిన మనిషికి, నరాలను దెబ్బతీసే గుణమున్న పదార్థాలు కాస్తో కూస్తో ఉన్న ఆకు ఎందుకు?

షుగర్ మాత్రలతో పాటు ఇదీ తీసుకుంటే, చక్కెర ఒక్కసారిగా పడిపోయినప్పుడు దేనివల్ల పడిందో మాకూ అంతుపట్టదు. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు, పాలిచ్చే తల్లులు దీని జోలికే వెళ్లకూడదు. కణ విభజనను ఆపే మందులు పుట్టిన మొక్క ఇది. కేన్సర్ రోగుల బంధువులు కొందరు ఆకు నూరి తాగిస్తే కీమోథెరపీ తప్పుతుందని ఆశపడతారు. దయచేసి వద్దు. కీమో నడుస్తుండగా అసలే వద్దు.

మళ్లీ మా టీచర్ గారి దగ్గరకు వస్తాను. నిజం నిజంగా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆయన కాలు పాడైంది ఆకు వల్ల కాదు. ఇన్సులిన్ మానేయడం వల్ల. ఉట్టి కాళ్లతో మొక్కలకు నీళ్లు పోస్తుంటే పగిలిన కుండీ పెంకు గుచ్చుకుంది. పాదంలో స్పర్శ లేదు కాబట్టి మూడు రోజులదాకా తెలియలేదు. చక్కెర ఆకాశంలో ఉంది కాబట్టి పుండు మానలేదు. ఇన్సులిన్, సెలైన్, యాంటీబయాటిక్స్‌తో ప్రాణం దక్కింది. బొటనవేలు తీసేయాల్సి వచ్చింది. హెచ్‌బీఏ1సీ 13 దాటింది.

తేరుకున్నాక అడిగాను, “ఎందుకు మానేశారు సార్? మందులు మన దగ్గర ఉచితమే కదా.”

“ఖర్చుకు కాదు మేడమ్. సూది ఒకసారి మొదలుపెడితే ఇంక సచ్చేదాకా ఆపేది లేదంట. ఆకు అయితే చేదుగా ఉంటుంది కదా, తీపికి విరుగుడు అనుకున్యా.”

చేదు తింటే తీపి విరుగుతుంది. కాకరరసం, వేపచిగురు, మెంతులు, ఇప్పుడు బిళ్ల గన్నేరు. వినడానికి ఎంత సబబుగా ఉందో! నాలుకకు తెలిసే చేదుకూ, రక్తంలోని గ్లూకోజ్‌కూ సంబంధం లేదని పిల్లలకు ముప్ఫై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పిన మనిషికి చెప్పాల్సి వచ్చింది. తప్పు ఆయనదొక్కరిదే అనను. మూడు నెలలకోసారి వచ్చి మందులు పట్టుకెళ్లినప్పుడు “ఇంకేమైనా పసరు, పొడి, కషాయం వాడుతున్నారా?” అని మేము అడగలేదు. రెండు వందల మంది లైన్లో ఉంటే అడగడం మర్చిపోతాం. మీరే చెప్పండి. డాక్టర్ కోప్పడతారని దాచకండి. కోప్పడితే పడనివ్వండి, మందుల చీటీ మీద మాత్రం రాయించండి.

పేరు ఒకటే, ప్రాణాంతకం వేరు

ఇంకో ప్రమాదం పేరులోనే ఉంది. ‘గన్నేరు ఆకు షుగర్‌కు మంచిది’ అని ఎవరో అంటారు. విన్నవాళ్లు ఏ గన్నేరో అడగరు.

బిళ్ల గన్నేరు మోకాలి ఎత్తు మొక్క. ఆకు కోలగా, నున్నగా, కొస గుండ్రంగా, మధ్య ఈనె తెల్లగా ఉంటుంది. మామూలు గన్నేరు మనిషిని మించి ఎదిగే పొద. సన్నగా పొడుగ్గా కత్తుల్లాంటి ఆకులు, గుత్తులుగా ఎర్రటి, తెల్లటి పూలు. హైవేల మధ్య డివైడర్ మీద వరసగా కనిపించేది అదే. పచ్చ గన్నేరు చిన్న చెట్టు, గంటలాంటి పసుపు పూలు, మూడు పలకల పచ్చటి కాయ. ఈ చివరి రెండింటిలో ప్రతి భాగంలోనూ గుండె లయను దెబ్బతీసే విషం ఉంటుంది. ఇవీ నీళ్లు అడగని, ఏళ్ల తరబడి పూసే మొక్కలే, అందమైనవే. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో మాత్రం వద్దన్నది నా మాట. ఇప్పటికే ఉంటే రాలిన కాయలను రోజూ ఏరేయండి.

పిల్లలు కాయ కొరికారని, పెద్దవాళ్లు పొరపాటున ఆకు తిన్నారని తెలిస్తే కుంకుడు రసం, ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. చూడ్డానికి బాగానే ఉన్నా ఆగకండి. 108కి ఫోన్ చేసి, ఈసీజీ మానిటర్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకురండి. గుండె లయ గంటల తర్వాత కూడా తప్పొచ్చు. తిన్న మొక్క కొమ్మ ఒకటి కవర్లో వేసి వెంట తెస్తే మాకు సగం పని తగ్గుతుంది. బిళ్ల గన్నేరు కూడా పసిపిల్లల నోటికి అందే ఎత్తులో పెట్టకండి, కొమ్మలు కత్తిరించాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

షుగర్ ఉన్నవాళ్లు తోటపని మానాల్సిన అవసరం లేదు. పొద్దున్నే అరగంట మొక్కల మధ్య వంగి లేచి తిరగడం మంచిదే. ముల్లు లేని మొక్క కాబట్టి ఇది మరీ మంచిది. ఉట్టి కాళ్లతో మాత్రం వద్దు. మడమ కప్పే, ముందు మూసి ఉండే చెప్పులు వేసుకోండి, వేసుకునే ముందు లోపల రాయి ఉందేమో దులపండి. పగిలిన కుండీలు అదే రోజు తీసేయండి. రాత్రి పడుకునే ముందు పాదాలు కింద కూడా చూసుకోండి. వంగలేకపోతే అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లోవాళ్లను చూడమనండి.

టీచర్ గారు ఇప్పటికీ నెలకోసారి వస్తారు. మెత్తటి ప్రత్యేక చెప్పులు వేసుకుని, కొంచెం కుంటుతూ. రెండు పూటలా ఇన్సులిన్ ఆయనే వేసుకుంటున్నారు. పోయిన నెల హెచ్‌బీఏ1సీ 7.4. రిపోర్టు నా టేబుల్ మీద పెట్టి, జేబులోంచి మెట్‌ఫార్మిన్ మాత్రల కాగితపు కవరు తీశారు. విప్పితే లోపల ఆవాలకంటే చిన్నటి నల్లగింజలు.

“మీ దగ్గర తెల్లపూలది లేదన్నారు కదా మేడమ్.”

వాటిని మొన్న ఆదివారం నాటాను. పన్నెండో కుండీ.